రెండు కబుర్లు, నలభై ఎనిమిది గంపలు

ఆ సోమవారం పొద్దున తొమ్మిదింటికి నా చేతిలో ఉన్నవి ఇవి: నలభై ఎనిమిది గంపల సీతాఫలాలు, దొడ్డి వాకిట్లో నిలబడ్డ ఒక వ్యాను, ఒంటిగంటకు బయలుదేరే నాగపూర్ లారీలో సగం జాగా, మూడు రోజులుగా నాతో మాట్లాడని ఒక కొడుకు.

పండ్లకు ఎంత గడువుందో చేత్తో పట్టుకుంటే చెప్పగలను. కొడుకు సంగతి అలా చెప్పలేను.

"అంటే, రెండు తీర్లూ తెంపినవా?" అన్నాను.

చంద్రవ్వ కొంగు తీసి నడుముకు దోపుకుంది. మద్దూరు దిక్కు గుట్టల్లో కాయ తెంపే పన్నెండుమంది ఆడవాళ్లలో ఆమే పెద్ద. మిగిలినవాళ్లందరూ గోడ నీడన కూర్చుని, మా ఇంట్లో ఏం జరగబోతుందో చూడటానికి మెడలు చాపారు.

"మరేం జెయ్యాలె సేటు? నిన్న ఏడింటికి నువ్వు ఫోన్ జేసినవ్. వ్యాను వస్తది, కన్ను తెర్సిన కాయ తెంపమంటివి. ఎనిమిదింటికి నీ కొడుకు జేసిండు. లారీకి పోతది, మూసుకున్న కాయ తెంపమనె. తండ్రి మాట తీసెయ్యరాదు. రేపటి నాడు ఈ దందా కొడుకుదాయె, ఆయన మాట గూడ తీసెయ్యరాదు. మేమారుగురం గీ గుట్టకు పోయినం, ఆరుగురిని గా గుట్టకు తోలిన."

"నాకు మల్ల ఒక్క ఫోన్ జెయ్యకపోతివా?"

"తండ్రీకొడుకుల నడిమిట్ల నేనెందుకు సేటు? మాట్లాడుకునే చెప్తున్నరు కావచ్చు, సగం గటు సగం గిటు పంపుతరు కావచ్చు అనుకున్న. ఒక్కింట్ల ఉండి మాట్లాడుకోరని నాకేం ఎరుక?"

గోడ నీడన ఎవరో కిసుక్కున నవ్వారు.

"పోనీ, వేర్వేరు గంపల్ల పెట్టినవా?"

చంద్రవ్వ పక్కనున్న గంప మీది ఆకులు తీసి చూపింది. కలిసిపోయి ఉన్నాయి. ఆటోల్లో ఎక్కించే తొందరలో రెండు కుప్పలూ ఒకటయ్యాయి.

ఈ వ్యాపారంలో బండిని బట్టి కాయ తెంపాలి. సీతాఫలం మీది బుడిపెల నడుమ గీతలు తెల్లబడి విచ్చుకుంటే కన్ను తెరిచింది అంటాం. అది మరునాటికి పండుతుంది. పొద్దున తెంపి, సాయంత్రానికి పట్నం చేర్చగల బండి ఉంటేనే దాని మీద చెయ్యి వేయాలి. కన్ను మూసుకున్న కాయ మూడో రోజుకు మాగుతుంది. అది లారీ సరుకు. నాగపూర్‌లో దిగేసరికి గుజ్జు తీసేవాళ్ల చేతికి సరిగ్గా అందుతుంది. మూసుకున్నది పట్నం మార్కెట్‌లో పెడితే రాయి అని తోసేస్తారు. తెరిచింది నాగపూర్ లారీ ఎక్కితే గంప అడుగు నుంచి కారుతుంది. రెండూ ఒక గంపలో ఉంటే, పండుతున్నది పక్కదాన్ని కూడా తొందరపెడుతుంది.

ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినవాళ్లమే ఈ తప్పు చేశాం.

"ఓ షాదాబ్ అబ్బా!" కొడుకు పేరు ముందు పెట్టి వంటింటి గడప మీద నుంచి కుల్సుం నన్ను పిలిచింది. మా ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. నా భార్య తెలుగులోకి మారిందంటే, తన మాట బయటివాళ్లు కూడా వినాలని అర్థం. "గంపలు చూసుకుంట నిలబడితే అవి వేరైతయా? కూసో. ఏరు."

"నీ కొడుక్కు చెప్పు, గోనెసంచులు తెమ్మని," అన్నాను.

షాదాబ్ అయిదడుగుల దూరంలోనే ఉన్నాడు.

"అమ్మీ, సంచులు ఇప్పటికే పరిచిన్నని అబ్బాకు చెప్పు," అన్నాడు వాడు.

"ఇద్దరికీ నేనేమన్న పోస్టాఫీసునా?" అని కుల్సుం లోపలికి వెళ్లిపోయింది.

మాటలు ఆగింది శుక్రవారం. నన్ను అడగకుండా లారీలో సగం జాగా మాట్లాడి వచ్చాడు. "ఇంక దేవదాసు కాక వ్యాను వద్దు అబ్బా, సరుకంతా లారీకే వేద్దాం," అన్నాడు. కారణం చెప్పలేదు. కారణం నేనే ఊహించుకున్నాను. లారీకి కిరాయి తక్కువ, నాగపూర్‌లో ధర ఎక్కువ, బయట డిగ్రీ చదివిన బుర్రకు అంతకంటే ఏం కనిపిస్తుంది అనుకున్నాను. "పంతొమ్మిదేండ్లు నన్ను మోసిన మనిషిని పైసల కోసం దించేస్తవా?" అని అరిచాను. వాడు తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆ తలవంపును తప్పు ఒప్పుకోవడం అని లెక్క రాసుకున్నాను.

చంద్రవ్వ, ఆమెతో వచ్చినవాళ్లలో ఆరుగురు, నేను, షాదాబ్ గోనెల మీద కూర్చున్నాం. తెరిచినవి ఎడమకు, మూసుకున్నవి కుడికి. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా తెరిచిన కాయ మీద వేలిముద్ర పడుతుంది. ఆ ముద్ర మధ్యాహ్నానికి నల్లబడుతుంది.  కాయ గోనె మీద దిగుతున్న మెత్తని చప్పుడు తప్ప ఏమీ లేదు.

దేవదాసు వ్యాను దిగి మెల్లగా వచ్చాడు. మెల్లగా రావడం ఈ మధ్యే మొదలైంది. వయసు అనుకున్నాను. నాకంటే రెండేళ్లు చిన్నవాడు.

"ఏంది భాయ్, మీ ఇంట్ల రెండు పార్టీలైనయట? నేనెవ్వలికి ఓటెయ్యాలె?"

"నువ్వు కూసోని కాయలేరు. ఓటు తర్వాత."

"గెలిచినోళ్లు నాకేమిస్తరు?"

"కాయలే ఇస్తరు. ఇంకేమున్నది మా తాన?"

ఆయన నవ్వుతూ చెప్పులు విడిచి, గోనె మీద కూర్చుని ఎడమ కాలు ముందుకు చాపాడు. ఆ కాలు ముడుచుకోవడం కష్టమని నాకు తెలియదు. చాపుకుని కూర్చోవడం ఆయనకు అలవాటు అనుకున్నాను. చూడండి, ఒకే మనిషి గురించి పొద్దున లేచినప్పటి నుంచి నేను ఎన్ని అనుకున్నానో.

దేవదాసుది కల్లు గీసే కుటుంబం. తాటిచెట్లు ఎక్కడం తండ్రితో ఆపి బండి పట్టాడు. నాకు సైకిలు తప్ప ఏమీ లేని రోజున, కిరాయి ఎంత అని అడగకుండా నా ఇరవై గంపలు ఎక్కించాడు. అప్పటి నుంచి ఏ ఏడూ మేము కిరాయి బేరం ఆడలేదు. నేను ఇచ్చింది ఆయన లెక్కపెట్టడు, ఆయన చెప్పింది నేను తగ్గించను. దీన్ని నేనెప్పుడూ దోస్తీ అనలేదు. లెక్క అన్నాను. బేరంలో పోయే సమయం కూడా ఖర్చే అని షాదాబ్‌కు నేర్పాను.

కుల్సుం చాయ్ పళ్లెం పట్టుకుని వచ్చింది. అందరికీ ఇస్తూ దేవదాసు దగ్గర ఆగింది. ఆగి, పళ్లెం కింద పెట్టేసింది.

"దేవదాసూ, కాలికేమైంది?"

"ఏమైంది భాబీ?"

"అరికాలు చూస్కో."

ఆయన రెండు చేతులతో ఎడమ పాదం పట్టి, ఒళ్లోకి తిప్పుకుని చూశాడు. ఇంకొకరి కాలు చూసినట్టు చూశాడు. మడమకు కాస్త ముందు రూపాయి బిళ్లంత బొబ్బ పగిలి, తోలు లేచి, ఎర్రటి మాంసం కనిపిస్తోంది. అందులో ఒక కంకర రాయి గుచ్చుకుని ఉంది.

"ఇది ఎప్పుడైంది?" అంది కుల్సుం.

"ఎరుక లేదు భాబీ."

"రాయి దిగింది గూడ ఎరుక లేదా?"

దేవదాసు నవ్వబోయాడు. "ఇంజిన్ వేడి ఉంటది కద కింద. చెప్పు ఇడ్సి తొక్కుతున్న. చెప్పుంటే క్లచ్ మీద కాలున్నదో లేదో తెలుస్తలేదు, గందుకే..."

అక్కడ ఆగిపోయాడు. అనాల్సిన దానికంటే ఒక్క ముక్క ఎక్కువ అన్నాడు.

నేను దేవదాసు వైపు చూడలేదు. షాదాబ్ వైపు చూశాను. చుట్టూ ఉన్న అందరి ముఖాల్లో ఆశ్చర్యం ఉంది. వాడి ముఖంలో లేదు. వాడు చేతిలో కాయను అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"నీకు ఎరుకేనా?" అన్నాను. మూడు రోజుల్లో నేను వాడితో నేరుగా అన్న మొదటి మాట అది.

"ఎరుకే."

"ఎప్పటి సంది?"

వాడు దేవదాసు వైపు చూశాడు.

"పోరన్ని ఏమనకు భాయ్," దేవదాసు అన్నాడు. "నేనే ఒట్టు వెట్టిచ్చిన. ఇరవై రోజులైంది. పట్నం కెల్లి ఖాళీ బండితోని వస్తుంటే ప్రజ్ఞాపూర్ కాడ చాయ్ తాగుదామని బండి పక్కకు తీసిన. క్లచ్ తొక్కిన్ననే అనుకున్న. కాలు పక్కన వట్టి రేకు మీదున్నది. బండి ఎగిరి హోటల్ బెంచి మీదికి పోయింది. బెంచి ఇరిగింది."

"బెంచి మీద?"

"ఎవ్వలు లేరు."

"రెండు నిమిషాల ముందుదాంక ఇద్దరు కూసోని ఉండిరి," షాదాబ్ అన్నాడు. "లేచి పోయిన్రు. నేను బండ్లనే ఉన్న అబ్బా. చూసిన."

చంద్రవ్వ చేతిలోని కాయను కింద పెట్టడం మరిచిపోయింది.

"సర్కారు దవాఖానల చూపిచ్చినం," షాదాబ్ అన్నాడు. "షుగర్ నరాలకు పట్టిందన్నరు. ఆ కాలితోని బండి నడపొద్దన్నరు. కాక వింటలేడు. నువ్వు మీ బాపుకు చెప్తే నీతోని మాట్లాడ అన్నడు. గందుకే లారీ మాట్లాడిన. సరుకే లేకపోతే బండి తియ్యడు కద అనుకున్న."

"నాకు చెప్పాలె కద."

"మీరడిగిన్రా?" వాడి గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నాకు సులువయ్యేది. "వ్యాను ఎందుకు వద్దంటున్నవురా అని ఒక్కసారన్న అడిగిన్రా? పైసలు చూసుకుంటున్నవ్ అన్నరు. మీరే అనేసినంక నేనేం చెప్పాలె?"

 కుల్సుం లోపలికి పోయి చెంబుతో నీళ్లు, పాత గుడ్డ తెచ్చింది. దేవదాసు వద్దు వద్దంటున్నా కింద కూర్చుని ఆయన పాదం మీద నీళ్లు పోసి, వేళ్లతో ఆ రాయి తీసింది. ఆయన ముఖంలో ఒక్క గీత కదలలేదు. నొప్పికి అరిచి ఉంటే ఎంత బాగుండేదో.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే నువ్వు వద్దంటవు," దేవదాసు అన్నాడు. "నువ్వు వద్దంటే నేను పొద్దుగాల లేసి ఎటు పోవాలె భాయ్?"

"ఎవ్వలినన్న తొక్కితే?"

"గదే చెప్తున్న. నాకు తెల్వదా? రోజూ తాళం తిప్పేటప్పుడు ఇయ్యాల ఆఖరు అనుకుంట. నువ్వేమో నా కిరాయి పోవద్దని సరుకు పెడుతుంటివి. నేనేమో నీ సరుకు ఆగొద్దని బండి నడుపుతుంటి. ఇద్దరం ఒకలికొకలం ఉపకారం చేసుకుంట పోయినం."

 మళ్లీ కాయలు ఏరడం మొదలుపెట్టాను.

పదకొండు దాటేసరికి గంపలు వేరయ్యాయి. మూసుకున్నవి ఇరవై ఆరు. తెరిచినవి ఇరవై రెండు. ఇరవై ఆరింటికి లారీ ఉంది, చింత లేదు. ఇరవై రెండింటికి ఆ సాయంత్రం లోపల పట్నం చేరే దారి కావాలి. రేపు పొద్దుటికి అవి చెత్త.

ముగ్గురు వ్యాన్లవాళ్లకు ఫోన్ చేశాను. సీతాఫలం సీజన్‌లో సోమవారం పూట ఖాళీ బండి దొరకడమంటే పండగ పూట దర్జీ దొరికినట్టే. ఒకడు కరీంనగర్‌లో ఉన్నాడు. ఒకడు రాయపోల్‌లో కూరగాయలు ఎక్కిస్తున్నాడు. మూడోవాడు ఫోన్ ఎత్తలేదు. దేవదాసు బండిని ఇంకొకరు నడిపితే సరిపోతుంది కదా అని మీరు అనవచ్చు. నడిపేవాడు ఆ పూట దొరకాలి కదా. షాదాబ్‌కు స్కూటీ తప్ప రాదు. నాకు అదీ రాదు.

"బస్సు కార్గోల వేస్తే?" కుల్సుం అంది.

"పార్శిళ్ల కింద పెడితే జ్యూస్ అయితది."

"నేను తీస్త తియ్ భాయ్," దేవదాసు అన్నాడు. "కట్టు కట్టింది కద భాబీ. ఆఖరు గిరాకీ."

"నోర్ముయ్," అన్నాను.

అప్పుడు చంద్రవ్వ మెల్లగా దగ్గింది. "రైలుంది కద సేటు."

"రైల్లో గంపలెవలు వేస్కుంటరు?"

"గంపలేస్కోరు. మనుషుల్ని ఎక్కించుకుంటరు. మనిషికి రెండు గంపలు పట్టుకుంటె ఎవ్వలేమంటరు? పదకొండు మందికి ఇరవై రెండు గంపలాయె. మధ్యాహ్నం బండికి పోతే చీకటి పడకముందే సికింద్రాబాద్. స్టేషన్ బయటనే కూసోని అమ్ముకుంటం. రైలు ఊపదు సేటు. కాయకు దెబ్బే తాకది. నీ వ్యాను కంటే మంచిది."

ఆమె అంత వేగంగా లెక్క చెప్పడం చూసి అనుమానం వచ్చింది. "ఇంతకుముందు పోయినవా?"

"పోయినేడు రెండు గంపలు తీస్కవోయిన," అంది, భయం లేకుండా. "మా చెట్టుయే. నీయి కావు."

ఇక్కడ నా లెక్క ఏమిటో చెప్పాలి. గుట్ట మీద తెంపే చేతికీ, పట్నంలో కొనే చేతికీ నడుమ వంద కిలోమీటర్లు ఉన్నాయి. ఆ వంద కిలోమీటర్లే నా వ్యాపారం. కాయ నాది కాదు, చెట్టు నాది కాదు. దారి ఒక్కటే నాది. ఈ పదకొండు మంది ఒక్కసారి ఆ రైలెక్కి, ఒక్క సాయంత్రం తమ చేతులతో అమ్మి, ఒక్క రాత్రి ఆ డబ్బు కొంగున కట్టుకుని తిరిగి వస్తే, వాళ్లకు ఈ ఖుతుబుద్దీన్ దొడ్డి ఎందుకు?

వ్యాను అయితే దేవదాసు కాలు, రోడ్డు మీద ఎవరి ప్రాణమో. లారీ అయితే ఇరవై రెండు గంపలు నీళ్లపాలు. రైలు అయితే నా దారి నేనే చూపించి పంపడం.

"గంపకు ఎంతిస్తవ్?" అన్నాను.

"నీ ఖరీదు నీకు రేపు తెచ్చిస్త. పైన ఏం మిగిలినా మాది."

"సగం."

"టికెట్ మేమే కొనుక్కుంటం, మోసుడు మేమే, అమ్ముడు మేమే. నువ్వేం జేస్తవ్ సేటు సగానికి?"

గోడ నీడన ఈసారి నవ్వు దాచుకోలేదు.

నేను నేల మీద చూపుడు వేలితో ఏదో గీస్తూ ఉండిపోయాను. కుల్సుం దేవదాసు కాలికి కట్టు ముడివేసి లేచింది. తెలుగులోనే అంది:

"ఎంత సేపు లెక్క? కాయ కుళ్లినంక ఎయ్యి లెక్క, తీరిక ఉంటది."

"సరే," అన్నాను చంద్రవ్వతో. "నీ మాటే కానీ."

ఆడవాళ్లంతా ఒక్కసారి లేచారు. పెళ్లికి పోతున్నట్టు కొంగులు సర్దుకున్నారు. పన్నెండోది, చంటిపిల్ల తల్లి, తాను ఊరికి పోతానంది. మిగిలిన పదకొండు మంది వచ్చిన ఆటోల్లోనే, గంపలకు జాగా లేకుండా ఇరుక్కుని స్టేషన్‌కు వెళ్లారు. షాదాబ్‌కు ఇంకో రెండు ఆటోలే దొరికాయి; వాటిలో ఇరవై ఆరు గంపలు ఎక్కించి లారీ దగ్గరికి బయలుదేరాడు. పోతూ పోతూ నా ముందు నిలబడ్డాడు.

"అబ్బా, తెరిచినయి స్టేషన్‌కు ఎట్ల పోతయి?"

వాడి ప్రశ్నకు దేవదాసు జవాబు చెప్పాడు. అప్పటికే వ్యాను వెనక తలుపు దించుతున్నాడు.

"నాలుగు కిలోమీటర్లు. గింత దూరం గూడ వద్దంటే నేను మనిషినే కాదన్నట్టు."

షాదాబ్ నా వైపు చూశాడు. నేను కాదనాలని వాడి ఆశ. పండ్లున్నాయి, సమయం లేదు, ఎదురుగా దేవదాసు ముఖం ఉంది.

"నేను పక్కన కూసుంట," అన్నాను.

వాడు ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

పంతొమ్మిదేళ్లలో ఆ బండిలో నేను ఎక్కడం అదే మొదటిసారి. మార్కెట్‌కు నేనెప్పుడూ బస్సులో పోయేవాడిని. డ్రైవర్ పక్క జాగాలో మనిషి కూర్చుంటే రెండు గంపలు తగ్గుతాయి. నేనే పెట్టిన నియమం అది. ఆ రెండు గంపల కోసం, ఆయన ఎలా నడుపుతాడో నేను ఒక్కసారీ చూడలేదు.

ఇప్పుడు చూశాను. గేరు మార్చిన ప్రతిసారీ దేవదాసు రోడ్డు మీద నుంచి చూపు తీసి కిందికి చూస్తాడు. కాలు ఎక్కడుందో చూసుకుంటాడు. చేత్తో మోకాలి మీద పట్టి దాన్ని క్లచ్ మీదికి జరుపుతాడు. మళ్లీ తలెత్తుతాడు. ఆ నడుమ బండి తనంతట తాను పోతూ ఉంటుంది.

"రోజూ గిట్లనేనా?" అన్నాను.

"మాట్లాడకు భాయ్. లెక్క తప్పుతది."

పెద్ద రోడ్డు ఎక్కే మలుపులో మేకలు అడ్డం వచ్చాయి. ముందు పోతున్న ఆటో ఆగింది. దేవదాసు అప్పుడు కిందికి చూస్తున్నాడు.

"దాసూ!"

ఆయన చేతి బ్రేకు లాగాడు. బండి గట్టిగా ఊగి ఆగిపోయింది. వెనక గంపలు ఒకదాన్నొకటి నెట్టుకున్న చప్పుడు. ఆటో వెనక సీటులో ఒక ముసలామె మా వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె ముఖానికీ మా అద్దానికీ నడుమ ఒక జానెడు. ఆమె నోట్లో ఆకు నములుతూ మమ్మల్ని చూసింది. మేకలు పోయాయి, ఆటో పోయింది.

దేవదాసు రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ఉండిపోయాడు.  వెనక లారీవాడు హారన్ కొట్టిన తర్వాత మొదటి గేరులోనే, నడక వేగంతో స్టేషన్ చేరాం.

రైలు నిలబడి ఉంది. ఆడవాళ్లు గంపలు నెత్తికెత్తుకుని, ఒకరి వెనక ఒకరు పెట్టెల్లోకి దూరిపోయారు. రెండు కాయలు పగిలాయి. అంతే. చంద్రవ్వ కిటికీ దగ్గర జాగా పట్టుకుని నన్ను చెయ్యూపి పిలిచింది.

"సేటు, గాడ బేరగాళ్లు ముందుగాల ఎంత అంటరు? ఎంతకు దిగొద్దు?"

ఇన్నేళ్లుగా ఆ అంకె నేను షాదాబ్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. తప్పుడు అంకె చెప్పవచ్చు. తక్కువ చెబితే ఆమె తక్కువకే అమ్ముతుంది, రైలు వల్ల లాభం లేదనుకుని మళ్లీ నా దొడ్డికే వస్తుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"పెద్ద కాయకు నలభై తగ్గకు," అన్నాను. "ఆరింటి దాంక అసలే దిగకు. ఆఫీసులు ఇడ్సినంక కొనేటోళ్లు వస్తరు. మచ్చ పడ్డయి ముందు అమ్ము."

అది నిజమైన లెక్కే. ఎందుకు చెప్పానో తెలియదు. పొద్దుటి నుంచి దాచుకున్న మాటలు ఎన్ని బయటపడ్డాయో చూసి విసుగొచ్చి ఉంటుంది.

చంద్రవ్వ నన్ను కాసేపు చూసింది. ఆమె మామూలుగా అలా చూడదు.

"మంచిది సేటు. రేపు పొద్దుగాల నీ ఖరీదు నీకు తెచ్చిస్త. కాయలైతె మీ దొడ్డికి తేము. గుట్ట కాడికెల్లి సక్కగ గీడికే వస్తం."

"అన్ని కాయలా?"

"తెర్సినయి. మూసుకున్నయి నీ కొడుక్కు తెంపిస్తం. లారీ ఉన్నది కద."

రైలు కదిలింది. లోపల నుంచి నవ్వులు, ఎవరో పాట మొదలుపెట్టిన గొంతు. చూస్తుండగానే ప్లాట్‌ఫారం ఖాళీ అయింది.

ఫోన్ మోగింది. షాదాబ్. "అబ్బా, లారీల పెట్టిచ్చిన. ఇరవై ఆరు. రసీదు తీస్కున్న." ఆపైన, "కాక ఎట్లున్నడు?"

"ఉన్నడు."

"మీరిద్దరు ఎట్లొస్తరు?"

"చూస్త," అని పెట్టేశాను.

దేవదాసు బయట వ్యాను నీడలో, ముందు చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. కట్టు మీద మట్టి అంటింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఖాళీ పట్టాల వైపు చూశాం.

"ముసలామెను చూసినవా భాయ్?" అన్నాడు.

"చూసిన."

"తిడితే బాగుండు."

జేబులోంచి తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తానే మూశాడు.

"నీ తాననే ఉండనియ్. నా తాన ఉంటే రేపు మల్ల నడుపుత."

"మరి పొద్దుగాల లేసి ఎటు పోతవ్?"

ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. నా దొడ్డికి రమ్మందామంటే, రేపటి నుంచి తెరిచిన కాయ ఆ దొడ్డికి రాదు. మూసుకున్న దానికి వ్యాను అక్కర్లేదు. ఆ మాట ఆయనకు ఇంకా తెలియదు. రైలు కిటికీ దగ్గర చంద్రవ్వ అన్నది విన్నది నేనొక్కడినే.

ఒక ఆటోవాడు మా ముందు ఆపాడు. "ఊళ్లెకు వస్తరా పెద్దమనిషీ?"

దేవదాసు వ్యాను వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. లేవలేదు. పోదాం పద అని నేను అంటే గానీ లేవడు; అలా అనాలంటే రేపటి సంగతి కూడా చెప్పాలి. ఆటోవాడు ఇంజిన్ ఆపకుండా ఎదురుచూస్తున్నాడు.

ఆ సోమవారం మూడింటికి నా లెక్క ఇది: ఇరవై రెండు గంపలు రైలెక్కాయి, ఇరవై ఆరు లారీ ఎక్కాయి, రెండు కాయలు పోయాయి. కొడుకు మాట తిరిగి వచ్చింది. గుట్ట నుంచి పట్నం దాకా ఉన్న దారి చేజారింది. ఖర్చులన్నీ పోగా నాకు మిగిలింది ఒక తాళంచెవి. ఆ బండి నడపగలిగినవాళ్లు మా ఇద్దరిలో ఒక్కరూ లేరు.